చల్లగదిలో కుర్చీ

పోయిన ఆయుధ పూజకు మా తాండూరులో ఒక ఇనుప పెట్టెకు పసుపు రాశారు, కుంకుమ బొట్టు పెట్టారు, బంతిపూల దండ వేశారు. ఏడాది పొడుగునా ఆ పెట్టెను కంటికి రెప్పలా చూసుకున్న మనిషిని మాత్రం ఆ రోజు మిల్లు గేటు లోపలికి రానివ్వలేదు. ఆ మనిషి పేరు నాగరాణి. మా ఇంటి వెనక గదిలో అద్దెకు ఉంటుంది. నాకు కోపం ఎక్కువని మా వీధిలో పాలవాడితో సహా అందరికీ తెలుసు కాబట్టి, ఈ సంగతి నేను నెమ్మదిగా చెబుతానని ఎవరూ ఆశ పెట్టుకోవద్దు.

నేను బంట్వారం హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. నాగరాణి అక్కడే నా దగ్గర పదో తరగతి చదివింది. వాళ్ల నాన్న కిష్టప్ప గొర్లు కాస్తాడు. ఈ పిల్ల లెక్క తప్పితే ఏడ్చేది కాదు, అలిగేది. అలిగి, మూల కూర్చుని, మళ్లీ మొదటి నుంచి చేసేది. నాకు అలాంటి పిల్లలంటే ఇష్టం. తాండూరులో డిగ్రీ చదువుతుండగానే పెళ్లి చేశారు. భర్త అరుణ్‌కుమార్ కరణ్‌కోట దిక్కు రాతి గనుల్లో మెకానిక్కు. మంచివాడే, పాపం. ఒక వానాకాలం పొద్దున పనికి పోతూ బైకు జారి లారీ కింద పడ్డాడు. దినాలు అయిన మర్నాడే అత్తింటివాళ్లు నాగరాణి బట్టల సంచిని బస్టాండు దాకా మోసుకొచ్చి పెట్టారు. సంచి మోసేంత మర్యాదైతే ఉంది వాళ్లకు.

తండ్రి దగ్గరకు పోయి కూర్చోవడం ఇష్టం లేక తాండూరొచ్చి పాండురంగం గారి కందిపప్పు మిల్లులో చేరింది. షెడ్డులో ఆడవాళ్లు కుప్పల ముందు కూర్చుని పప్పులో రాళ్లు, నల్ల గింజలు ఏరుతారు. పొట్టు దుమ్ము పొద్దంతా గాలిలో ఆడుతూనే ఉంటుంది. కొంగు ముక్కుకు కట్టుకున్నా ఆగదు. ఆర్నెల్లు తిరగకుండానే ఆమెకు దగ్గు పట్టుకుంది. వెనక గదిలో దగ్గుతుంటే ముందు గదిలో నాకు వినపడేది. నేనే డాక్టరు దగ్గరకు లాక్కుపోయాను. ఆయన ఛాతీ ఎక్స్‌రే తీయించి, వెలుతురుకు పెట్టి చూసి, "దుమ్ములో ఉండొద్దమ్మా, ఉంటే ఇది ముదురుతుంది" అన్నాడు. మరి ఎక్కడ ఉండాలో ఆయన చెప్పలేదు.

ఎక్కడ ఉండాలో ఆమెకే తెలిసింది. మిల్లు ఆఫీసులో గుమాస్తా జ్వరమొచ్చి రాకపోతే, డిగ్రీ దాకా చదివిందని ఈమెను పిలిచి కంప్యూటర్ పని చెప్పారు. ఆఫీసు పక్కన చిన్న గది ఉంది. అందులో సర్వర్ ఉంటుంది. సర్వరంటే మరేం లేదు, మిల్లులో ఉన్న కంప్యూటర్లన్నీ దేన్ని అడిగి పని చేస్తాయో ఆ పెద్ద కంప్యూటరు. కాటా దగ్గర తూకాలు, వచ్చిన బస్తాలు, వికారాబాద్ గోదాములో ఉన్న సరుకు, అన్నీ అందులోనే. దానికి వేడి పడదని ఆ గదికి తలుపులు బిగించి ఏసీ పెట్టారు. మిల్లు మొత్తంలో దుమ్ము చొరబడని చోటు అదొక్కటే. ఆ రోజు లెక్కలు ఎక్కించడానికి ఆమెను అక్కడికే పంపారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి నాగరాణి నాతో అన్న మొదటి మాట ఇది.

"మేడం, గా రూముల పొద్దంత ఉన్న. దగ్గు రాలె."

ఆ గదిలో ఒక కుర్చీ ఉంది. ఎవరూ కూర్చోరు. సర్వర్‌ను పెట్టిపోయిన హైదరాబాదు మనిషి వేరే ఉద్యోగానికి పోయి ఫోన్ ఎత్తడం మానేశాడు. అది మొండికేసినప్పుడల్లా పాండురంగం కొడుకు సందీప్ వచ్చి స్విచ్చి ఆపి మళ్లీ వేసేవాడు. ఆయనకు తెలిసిన వైద్యం అదే. ఆ కుర్చీలో కూర్చోవాలంటే ఏం తెలిసి ఉండాలో నాగరాణి వెతికింది. వెతికి ఆన్‌లైన్లో ఒక కోర్సులో చేరింది. లినక్స్ అనే వ్యవస్థ, దాని మీద నడిచే సర్వర్లు, వాటి ఆలనాపాలనా. సెల్ఫ్ పేస్డ్ అట. ఎవరి వీలును బట్టి వాళ్లు, ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకోవచ్చట. నేనైతే నవ్వాను. తరగతి లేదు, పక్కన కూర్చునేవాళ్లు లేరు, చెవి మెలేసే పంతులు లేడు, అదేం చదువని ఎకసెక్కం చేశాను.

వీలు ఎక్కడుంది ఆమెకు? పొద్దున్నే షెడ్డుకు పోయే ముందు పొయ్యి మీద ఎసరు పెట్టి ఒక పాఠం, మధ్యాహ్నం బస్తాల మీద కూర్చుని ఫోన్లో సగం పాఠం, ఆదివారం నా పాత ల్యాప్‌టాప్ ముందు పొద్దంతా. ఇంగ్లిష్‌లో చెబుతున్నాడాయె, ప్రతి వాక్యం దగ్గరా ఆపి, వెనక్కు తిప్పి మళ్లీ వినేది. వీడియోలో అతను మధ్యమధ్యలో "కాసేపు విరామం తీసుకోండి, కాఫీ తాగి రండి" అంటాడు. ఈమె ఆ విరామంలో బియ్యం కడిగేది. తప్పు కొట్టినప్పుడు తెర మీద ఎర్ర అక్షరాలు వస్తే, చిన్నప్పటిలాగే మూతి ముడుచుకుని గోడకు ఆనుకుని కూర్చునేది. కాసేపటికి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేది. నా ఎకసెక్కం నేనే మానుకున్నాను.

నాకు కూడా చెప్పేది, చెబితేనే తనకు గట్టిగా పడుతుందని.

"దాంట్ల రూట్ అని ఒకరుంటరు మేడం. ఆ మనిషికి అన్నిటికి పర్మిషన్. మిగిలినోళ్లకు ఎంతిస్తే అంతే. చూడమంటే చూడాలె, ముట్టొద్దంటే ముట్టొద్దు."

"మన ఊరి లెక్కనే ఉన్నది కద" అన్నాను.

ఆమె నవ్వింది. "బందు చేసుడు గూడ ఉత్తగ కాదు మేడం. దానికి చెప్పి బందు చెయ్యాలె. చెప్తే చేతుల ఉన్న పని సర్దుకొని పండుకుంటది. చెప్పకుండ కరెంటు తీసేస్తే సగం రాసింది సగం రాసినట్టే ఆగి ఖరాబైతది."

నేర్చుకున్నది నేర్చుకున్నట్టు మిల్లులో పెట్టింది. రోజూ సర్వర్‌లో ఉన్నదంతా వికారాబాద్ గోదాములోని కంప్యూటర్‌కు నకలు పోయేటట్టు చేసింది. ఇంటి నుంచే సర్వర్‌లోకి పోయి పని చేసే దారి కూడా ఏర్పాటు చేసుకుంది. దానికి సందీపే ఒప్పుకున్నాడు. "ఆదివారాలు నాకు ఫోన్ చేసి సతాయించకుండ్రి, మీరే చూస్కోండ్రి" అన్నాడట. పొద్దున షెడ్డులో ఏరడం, మధ్యాహ్నం గంటో రెండు గంటలో చల్లగదిలో నిలబడి పని. అవును, నిలబడే. కుర్చీలో కూర్చోమని ఎవరూ అనలేదు, ఈమె కూర్చోలేదు.

పాండురంగానికి సంతోషంగానే ఉండేది. పిలిచి, "బిడ్డా, నీ కోర్సు ఖతం చేసి కాగితం పట్కరా. దసరా తెల్లారి నుంచి సర్వర్ పని మొత్తం నీకే. షెడ్డు ఇడిసిపెట్టి ఆ రూములనే కూసో. ఇక్కడిది, వికారాబాద్‌ది, రెండూ నువ్వే చూడు" అన్నాడు. బిడ్డా అన్నాడు చూడండి, ఆ మాటకు ఈ పిచ్చిది పొంగిపోయింది. ఇంటికొచ్చి నాకు ఆ మాట రెండుసార్లు చెప్పింది.

దసరా ఇంకా వారం ఉందనగా సర్టిఫికెట్ వచ్చింది. జిరాక్స్ షాపులో రంగుల ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి తెచ్చింది. ఆ ఆదివారం కిష్టప్ప గొంగడి భుజానేసుకుని వచ్చాడు. కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"గిది సర్కారు కాగితమా పంతులమ్మా?"

"సర్కారుది కాదు కిష్టప్పా. దీంతోని మిషన్లను సంభాళించే కొలువు దొరుకుతది."

"మందను కాసినట్టేనా?"

"గట్లనే నాయనా" అంది నాగరాణి. "రోజు లెక్క చూస్కోవాలె. ఏది నడుస్తున్నది, ఏది కూలబడ్డది."

"మరి దుమ్ము?"

"గాడ దుమ్ముండదు నాయనా."

పోయేటప్పుడు కిష్టప్ప నా దగ్గరకొచ్చి, దగ్గు తగ్గుతుంది కదా పంతులమ్మా అని మెల్లగా అడిగాడు. తగ్గుతుందన్నాను. నాకూ నమ్మకంగానే ఉండింది.

ఇక పూజ సంగతి. పాండురంగం మిల్లులో ఆయుధ పూజ పెద్ద ఎత్తున చేస్తారు. ముందురోజు సాయంత్రానికి మోటార్లు, జల్లెడలు, కాటా, అన్నీ కడిగి తుడిచి పసుపు రాస్తారు. పూజ పాండురంగం భార్య దేవమ్మ చేతుల మీదుగా జరుగుతుంది. దేవమ్మ చెడ్డది కాదని మిల్లులో అందరూ అంటారు. గట్టిగా మాట్లాడదు, ఎవరినీ తిట్టదు. ఆ సాయంత్రం షెడ్డుకు తానే నడిచి వచ్చి నాగరాణి పక్కన నిలబడి చెప్పింది.

"తప్పుగ అనుకోకు బిడ్డా. రేపు పూజ. పసుపు కుంకుమల పని. నువ్వు గేటు లోపటికి రాకు. మిషన్లన్ని కడిగి పెట్టినం. నీ చెయ్యి తాకితే మల్ల కడగాలె."

అంతకుముందు దసరాకు కూడా ఇలాగే రావద్దన్నారు. నాగరాణికి ఈసారి సర్వర్ గురించే భయం.

"రాను అమ్మా. సర్వర్ ఒక్కటి ఇప్పుడే పోయి బందు చేసొస్త. అది మోటార్ లెక్క కాదు."

"దాన్ని గూడ తుడిచి పసుపు రాసినం. ఇగ తాకకు. సందీప్ చూస్కుంటడు."

సందీప్ ఆ పక్కనే పూలవాడితో ఫోన్లో బేరమాడుతున్నాడు. "అన్నా, ఒక్కసారిగ కరెంటు తీయొద్దు" అని ఈమె చెబితే, చేయి ఊపి సరే సరే అన్నాడు. పూలవాడికి చెప్పాడో ఈమెకు చెప్పాడో తెలియదు.

మర్నాడు తెల్లవారుతుండగా నేను వాకిలి ఊడుస్తున్నాను. నాగరాణి తలస్నానం చేసి, తడి జుట్టు విరబోసుకుని, మెట్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. టకటకా ఏవో కొట్టింది. కాసేపు తెర వైపు చూసి మూత వేసేసింది.

"చెప్పి పండవెట్టిన మేడం. ఇగ ఎవ్వరు కరెంటు తీసినా ఏం గాదు." తర్వాత నవ్వి అంది. "ముట్టుకోలె."

ఆ నవ్వు చూసి నాకూ నవ్వొచ్చింది. మంచి పని చేశావే అన్నాను. ఇద్దరం మెట్ల మీదే కూర్చుని చాయ్ తాగాం. రానివ్వని గేటును దాటి, ఎవరి మనసూ నొప్పించకుండా, చేయాల్సిన పని చేసి వచ్చింది కదా అని నాకు ఎంత గర్వమో.

అయితే ఆమెకు తెలియనిది ఒకటుంది. ఆ మిల్లులో పూజ ఎలా చేస్తారో ఆమె ఎన్నడూ చూడలేదు. చూడనిస్తే కదా తెలిసేది. బొట్టు పెట్టి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టాక, ప్రతి మిషన్‌నూ ఒక్క క్షణం నడిపిస్తారు. నడిస్తేనే పూజ అందుకున్నట్టు. ఆ వెంటనే మెయిన్ స్విచ్చి దించేస్తారు, దసరా అయ్యేదాకా వాటికి విశ్రాంతి. మోటారుకైతే అది బాగానే ఉంటుంది.

ఆ తర్వాత ఏం జరిగిందో నాకు నాగరాణితో షెడ్డులో ఏరే బుగ్గమ్మ చెప్పింది. సర్వర్ ముందు దీపం పెట్టారు. చూస్తే అది నల్లగా, చప్పుడు లేకుండా ఉంది. పూజ రోజు మిషన్ నడవకపోవడమేమిటని దేవమ్మ నొచ్చుకుంటే సందీప్ బొత్తాం నొక్కాడు. లైట్లు వెలిగాయి. అందరూ దండం పెట్టారు. కొబ్బరినీళ్లు మీద చిలకరించారు, ఆ పెట్టెకు పైన గాలి పోయే చిల్లులు ఉన్నాయని ఎవరికి పట్టింది? అది లేచి సర్దుకోకముందే సందీప్ మెయిన్ స్విచ్చి దించాడు. పక్కన, కరెంటు పోయినా సర్వర్‌ను కాసేపు నడిపే బ్యాటరీ పెట్టె ఒకటి కుయ్యిమంటుంటే దాన్నీ ఆపేశాడు. అన్నిటికీ విశ్రాంతే కదా.

దసరా తెల్లారి, అంటే నాగరాణి ఆ కుర్చీలో కూర్చోవాల్సిన రోజు, పొద్దున్నే సందీప్ ఫోన్ చేశాడు. సర్వర్ లేవడం లేదు. నేనే ఆమెను స్కూటీ మీద ఎక్కించుకుని మిల్లుకు తీసుకుపోయాను. చీర కూడా కొత్తది కట్టుకుంది, ఆ రోజు కోసం కొనుక్కున్నది. చల్లగదిలోకి పోయి చూస్తే పసుపు వాసన, ఏదో కాలిన వాసన. పెట్టె మూత విప్పింది. లోపల కొబ్బరినీళ్లు ఎండి చారలు కట్టాయి. లెక్కలన్నీ దాచే డిస్క్ నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తోంది, అంతే.

పాండురంగం వచ్చాడు, వెనకే దేవమ్మ. గేటు బయట లారీలు ఆగిపోయాయి. కాటా నడవదు, బస్తా కదలదు.

"ఏమైంది?" అన్నాడు పాండురంగం.

"నేనైతే సక్కగనే బందు చేసిన సారూ" అంది నాగరాణి. తన తప్పు లేదని చెప్పుకోవాలన్న ఆత్రం. "పూజ నాడు పొద్దుగాల్నే ఇంటి నుంచి లోపటికి పోయి, చెప్పి బందు చేసిన. తర్వాత మల్ల ఆన్ చేసి, ఎకాయెకి కరెంటు తీసిండ్రు. నీళ్లు గూడ పడ్డయి."

ఆ మాట అనకుండా ఉంటే ఏమయ్యేదో నేను ఎన్నిసార్లు ఆలోచించానో. దేవమ్మ ముఖం మారిపోయింది.

"పూజ నాడు దాన్ని ముట్టుకున్నవా?"

"ముట్టుకోలె అమ్మా. ఇంట్ల కూసుండే చేసిన."

"ఇంట్ల కూసుంటే చెయ్యి మారుతదా? చెయ్యి నీదే కద." గొంతు పెంచలేదు. "పసుపు రాసి పెట్టినమని చెప్పిన గద బిడ్డా. ముట్టకుమని ఎంత చెప్పిన. అందుకే అది కూలబడ్డది."

నా ఒళ్లు మండిపోయింది. "ఏడాది సంది గా చెయ్యే మీ మిషన్‌ను నడిపింది కద అమ్మా. అప్పుడు లేని మైల ఇప్పుడెక్కడికెళ్లి వచ్చింది? నీళ్లు పోసింది మీరు, కరెంటు తీసింది మీ కొడుకు" అన్నాను.

"పూజ ముచ్చట వేరు పంతులమ్మా" అంది దేవమ్మ.

పాండురంగం నా వైపు చూడకుండానే, "మేడం, మీరు జర బయట కూసోండ్రి" అన్నాడు. సందీప్ ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు. నీళ్లు పోసింది తల్లి, స్విచ్చి దించింది తాను. ఒక్క మాట అంటే సరిపోయేది. మహానుభావుడు తల ఎత్తలేదు.

నేను బయట కూర్చున్నాను. లోపలి నుంచి నాగరాణి గొంతే వినిపిస్తోంది. "వికారాబాద్‌ల నకలు ఉన్నది సారూ. అంత వాపస్ తెస్త. కొత్త డబ్బా ఒకటి తెప్పియ్యుండ్రి."

తిట్టు తిన్న నోటితోనే ఆ మాట అంది. పాండురంగం గొంతు వెంటనే మెత్తబడింది. "అయితదా బిడ్డా? జర చూడు. ఫికర్ చెయ్యకు, ఆమె మాటలు పట్టించుకోకు." పని పడగానే మళ్లీ బిడ్డ అయింది.

రైలెక్కి వికారాబాద్ పోయింది. గోదాములో కూర్చుని నకలు సరిచూసుకుని, అదంతా ఒక డిస్క్‌లోకి ఎక్కించుకుని వచ్చింది. కొత్త యంత్రం వచ్చేసరికి ఇంకో చిక్కు. కొత్త మిషన్‌ను ఈమె చేయి తాకొచ్చా? దేవమ్మే తీర్పు చెప్పింది. పూజ కానంతవరకు అది ఉత్త డబ్బానే, ముట్టుకోవచ్చు. పూజ అయ్యాక ముట్టుకోకూడదు. అలా వరండాలో, చల్లగది బయట, గచ్చు మీద ఆ డబ్బా పెట్టుకుని నాగరాణి మొత్తం మళ్లీ నిలబెట్టింది. పక్కన షెడ్డు నుంచి దుమ్ము వస్తూనే ఉంది. దగ్గుతూనే చేసింది. నేను అన్నం తీసుకుపోతే రెండు ముద్దలు తిని గిన్నె పక్కకు నెట్టింది. చివరికి తెర మీద తూకాలు, బస్తాలు, పోయాయనుకున్నవన్నీ కనపడ్డాయి. వికారాబాద్ నుంచి కూడా అందుతున్నాయని ఫోన్ వచ్చింది. గేటు బయట లారీలు కదిలాయి. బుగ్గమ్మ షెడ్డులో నుంచి వచ్చి ఆమె నెత్తి మీద చేయి పెట్టి మెటికలు విరిచింది.

"ఇగ రూము నాదే మేడం" అంది నాగరాణి నాతో. "గింత చేసినంక ఇయ్యకుండ ఉంటరా."

నేనూ అలాగే అనుకున్నాను. లెక్కలు చెప్పినదాన్ని కదా, ఇంత కూడితే అంత రావాలని నమ్మకం.

డబ్బాను మోసుకుపోయి గదిలో పెట్టారు. దేవమ్మ పూజ చేసింది. ఈసారి నీళ్లు చల్లలేదు, నీళ్లు పడ్డాయని నాగరాణి అన్న మాట మాత్రం గుర్తు పెట్టుకున్నారు. మొదట ముత్తైదువ కూర్చోవాలని, సందీప్ భార్య మనీషాను పిలిచి ఆ కుర్చీలో కూర్చోబెట్టి బొట్టు పెట్టారు. మనీషా మెత్తటి పిల్ల. మొగుడు కూర్చోమంటే కూర్చుంది. పూజ కోసమే అనుకున్నాం. మర్నాడు కూడా ఆమే కూర్చుంది. ఆ మరుసటి రోజూ ఆమే.

నాగరాణి పోయి పాండురంగాన్ని అడిగింది. అడగడానికి కూడా లామినేషన్ చేయించిన ఆ కాగితం చేతిలో పట్టుకుని పోయిందట.

"సారూ, దసరా తెల్లారి నుంచి రూముల కూసోమన్నరు."

"అన్న బిడ్డా, కాదంటలేను" అన్నాడు ఆయన. "పని నీదే. నువ్వు లేకుంటే నడవదని నాకు ఎరికే. కని మా ఇంటామె మనసు నీకు తెల్సు గద, పూజ చేసిన రూము. నువ్వే అంటివి, ఇంట్ల కూసుండి గూడ చేస్తనని. ముట్టుకోకుండనే చేస్తవ్. మల్ల గా రూముతోని నీకేం పని? షెడ్డుల కూసుండి గూడ చెయ్యొచ్చు. ఏరుడు ఏరు, అది గూడ చూస్కో."

చదివి, చదివి, ఆఖరికి గోడకు అవతలి నుంచే పని చేయడం నేర్చుకుంది కదా. ఆ విద్యతోనే ఆమెను గోడకు అవతల పెట్టారు. ఇంత తెలివి ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాదు. ఏ కోర్సూ చేయలేదు పాపం.

వేరే చోట చూడమని నేను పోరాను. చూసింది కూడా. హైదరాబాదులో రెండు మూడు కంపెనీలకు రాసింది. పనిచేసిన చోటి నుంచి అనుభవం ఉన్నట్టు కాగితం తెమ్మన్నారు. పాండురంగం ఇచ్చాడు, కాదనలేదు. ఇన్నేళ్లుగా మా మిల్లులో పప్పు ఏరే పని నమ్మకంగా చేస్తోందని రాసి, సంతకం చేసి ఇచ్చాడు.

పోయిన వారం దగ్గు మందు ఇంట్లో మరిచిపోతే ఇవ్వడానికి మిల్లుకు పోయాను. షెడ్డులో ఎండ గీత పడ్డ చోటల్లా దుమ్ము తిరుగుతోంది. నాగరాణి గోనె సంచుల మీద కూర్చుని ఉంది. ముందు పప్పు కుప్ప, ఒళ్లో నా పాత ల్యాప్‌టాప్. దాని మీదకు దుమ్ము రాకుండా గుడ్డ కప్పింది. ల్యాప్‌టాప్ మీద గుడ్డ ఉంది, ఆమె ముక్కుకు లేదు. ఫోన్ మోగింది. మనీషా.

"అక్కా, ఇదేందో ఎర్రగ వచ్చిందక్కా."

"ఏం ముట్టకు. నేను చూస్త" అంది నాగరాణి. గుడ్డ జరిపి, టకటకా కొట్టింది. మధ్యలో దగ్గు వచ్చి వంగిపోయింది. కళ్లు తుడుచుకుని మళ్లీ కొట్టింది. అవతల ఫోన్లో మనీషా, పోయిందక్కా, మంచిగైంది అంటోంది. వెనక ఏసీ చప్పుడు కూడా వినపడుతోంది.

నేను ఆగలేకపోయాను. షెడ్డులో ఆడవాళ్లంతా వింటున్నారని కూడా చూడలేదు. "ఇంకా ఎందుకే వీళ్లకు ఊడిగం? రూట్ నువ్వే కద. అన్నిటికి పర్మిషన్ నీకే ఉన్నది కద. ఒక్క మాట కొట్టు, మొత్తం ఆపెయ్. అప్పుడు తెల్సొస్తది వీళ్లకు" అన్నాను.

నాగరాణి మందు సీసా తీసుకుని మూత తిప్పింది. ఆ మాట ఆమె ఎప్పుడో ఆలోచించి పెట్టుకున్నట్టుంది, నా వైపు కూడా చూడలేదు.

"ఆపుత మేడం. ఆపితే మల్ల లేపుమని నన్నే గద పిలిచేది. గీ దుమ్ముల కూసుండే లేపాలె."

ఒక గుక్క తాగి, సీసా పక్కన పెట్టి, ల్యాప్‌టాప్ మీద గుడ్డ కప్పి, పప్పులో రాళ్లు ఏరడం మొదలుపెట్టింది.